బాయికాడి కొట్టం, బ్యాటరీ రంపం: ఎండాకాలం ప్రాజెక్టు డైరీ

మార్చి, ఉగాది దగ్గర పడుతోంది

బాయికాడి కొట్టం విప్పడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. నల్లగొండ జిల్లాలో, చండూరు దగ్గర మా పొలంలో ఉంది ఇది. మట్టి గోడలు, టేకు దూలాలు, వాటి మీద వేప, తుమ్మ వాసాలు, పైన గూన పెంకలు. ముందు వసారాకు తర్వాతి రోజుల్లో సిమెంటు రేకులు వేశారు. పశువులను అమ్మేశాక దాని దిక్కు చూసినవాళ్లు లేరు. పడమటి గోడ వానకు జారింది. వెనక సందులో సర్కారు తుమ్మ మొలిచి కప్పును దాటింది. టేకు మాత్రం చాలావరకు గట్టిగానే ఉంది. జేసీబీ పెడితే పూటలో నేలమట్టం అవుతుంది గానీ దూలాలు పొయ్యి కట్టెలవుతాయి. వాటిని చెక్కుచెదరకుండా దించి, అదే జాగాలో కట్టబోయే స్టోర్ రూముకు వాడాలన్నది ప్లాను.

అక్కడ కరెంటు ఉంది, కానీ మోటరు స్టార్టర్‌కు వచ్చే త్రీ ఫేజు మాత్రమే. ఒక ఫేజు తీసి, ఎర్తు కలిపి బల్బు వెలిగించుకునే అలవాటు మా దిక్కు చాలా పొలాల్లో ఉంది. ఆ లైన్‌కు గ్రైండరో చార్జరో తగిలించే పని నేను పెట్టుకోను. ఎర్తు గుంత ఎండితే వోల్టేజీ ఎటు పోతుందో తెలియదు, ఆ వైరు ముట్టుకున్నవాడి గతి అంతకన్నా తెలియదు. కాబట్టి మిషన్ బ్యాటరీదే కావాలి, బ్యాటరీ ఊళ్లో ఇంటి దగ్గరే చార్జ్ కావాలి.

"చైన్ సా తెస్తే ఒక్క పూటల అయిపోతది గదన్నా" అన్నాడు మా చిన్నాయన కొడుకు. వాసం వాసానికీ ఇనుప సీలలున్న కప్పు ఇది. చైన్ సా పండ్లు సీలకు తగిలితే గొలుసు పాడవుతుంది, ఒక్కోసారి తెగి మనిషి మీదికే వస్తుంది. గ్రైండర్ సీలను కోస్తుంది గానీ కట్టెను కాలుస్తుంది, పైగా ఎండు గడ్డి నిండిన కొట్టంలో నిప్పురవ్వలు ఒకటి. కట్టెనూ, అందులో దిగిన సీలనూ ఒకే బ్లేడుతో కోయాలంటే రెసిప్రోకేటింగ్ సా తేవాలి. కొన్ని కంపెనీలు సేబర్ సా అంటాయి. మా ఊళ్లో ఇప్పుడు దాని పేరు బ్యాటరీ రంపం. లోపల మోటరు గుండ్రంగా తిరుగుతుంది, ఆ తిరుగుడు బ్లేడు దగ్గరికి వచ్చేసరికి ముందుకూ వెనక్కూ ఊపుగా మారుతుంది. ఒక్కో ఊపు సుమారు మూడు సెంటీమీటర్లు, నిమిషానికి 3,000 ఊపుల దాకా. మిల్వాకీ కంపెనీ 1951లో అమెరికాలో 'సాజాల్' పేరుతో తెచ్చిన వైరు మిషన్‌తో ఈ రకం జనంలోకి వచ్చింది. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ బ్యాటరీతో చేస్తున్నాయి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో షాపులు తిరిగి తీసుకున్నాను. ఒక చోట 18 వోల్టులు, ఇంకో చోట 20, ఆన్‌లైన్‌లో 21 అని చూసి ఎక్కువ వోల్టులది ఎక్కువ బలం అనుకునేవాళ్లు చాలామంది. మూడింటిలోనూ ఉండేది వరుసగా కలిపిన ఐదు లిథియం సెల్సే. ఒక్కో సెల్ మామూలు వోల్టేజీ 3.6, ఐదింటికి 18. నిండా ఎక్కినప్పుడు ఒక్కోటి 4.2, ఐదింటికి 21. ఒకరు ఒక అంకె అచ్చేస్తారు, ఇంకొకరు ఇంకోటి. నేను 18 వోల్టుల మిషన్, 4 ఆంపియర్ అవర్ (అంటే 4 ఆంపియర్ల కరెంటు గంటసేపు ఇచ్చే) బ్యాటరీలు రెండు తెచ్చాను. షాపతను 2 ఆంపియర్ అవర్‌వి తేలికగా ఉంటాయని, ధర కూడా తక్కువని చూపించాడు. పనిచేసే మనిషికి తేలికే, కానీ ఎండాకాలం పనికి నాకు అవి వద్దు. ఎందుకో కింద రాశాను.

ఏప్రిల్ మొదట్లో: బ్లేడ్లు

మిషన్ కన్నా బ్లేడ్ల దగ్గర ఎక్కువ సేపు ఆలోచించాను. లెక్కంతా అంగుళానికి ఎన్ని పండ్లు అన్నదే. పచ్చి కొమ్మలకు, మందపు కట్టెకు ఐదారు పండ్లవి. సీలలున్న పాత కట్టెకు పది నుంచి పద్నాలుగు. పైపులు, యాంగిల్ ఇనుముకు పద్నాలుగు నుంచి పద్దెనిమిది. పలుచని రేకుకు ఇరవై నాలుగు. కోస్తున్న మందం మీద ఎప్పుడూ కనీసం రెండు మూడు పండ్లు ఆని ఉండాలి. లేకపోతే పలుచని అంచు రెండు పండ్ల మధ్య ఇరుక్కుని పన్ను విరుగుతుంది.

తెచ్చినవి ఎక్కువగా బైమెటల్. వెన్ను స్ప్రింగు లాంటి స్టీలు, పండ్లు హైస్పీడ్ స్టీలు. వంగుతుంది, విరగదు. కార్బైడ్ పండ్లవి ఇనుమును ఇంకా బాగా తింటాయి గానీ ధర కొన్ని రెట్లు, వంకరగా తగిలితే పన్ను రాలుతుంది. అవి ఒకటి రెండు చాలు. బ్లేడు మొదలు అన్ని పెద్ద కంపెనీల మిషన్లకూ ఒకటే సైజు, అర అంగుళం. కాబట్టి మిషన్ కంపెనీ బ్లేడే కొనాలని లేదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే జిగ్ సా బ్లేడ్లు తీసి ఇచ్చారు. చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, దీనికి పట్టవు. రాణిగంజ్ పోయినప్పుడే కొన్ని ఎక్కువ తెచ్చుకోవడం మేలు.

పండ్ల వంపు మిషన్ వైపు ఉంటుంది, అంటే వెనక్కి లాగేటప్పుడు కోస్తుంది. ముందుండే ఇనుప పాదాన్ని, షూ అంటారు, కట్టెకు గట్టిగా ఆనించి పట్టుకోవాలి. అప్పుడు బ్లేడు లాగే బలమే మిషన్‌ను కట్టెకు అదుముతుంది. షూ గాలిలో ఉంటే బ్లేడు కట్టెను కోయదు, మొత్తం మిషన్‌నూ మన చేతులనూ ఊపుతుంది. పనికి వచ్చిన పిల్లగాడికి ముందు నేర్పింది ఇదే. రెండోది, బ్లేడు మార్చే ముందు బ్యాటరీ ఊడదీయడం. అది ఎంత చిన్న పనైనా సరే, ఎంత తొందరున్నా సరే.

ఏప్రిల్ రెండో వారం: పెంకలు, సీలలు

పెంకలు కొప్పు నుంచి కిందికి దించారు కూలీలు. చేతులు పెట్టే ముందు కట్టెతో తట్టమన్నాను, గూన పెంకల కింద తేళ్లకు కొదువ ఉండదు. పగలనివి గోడ పక్కన పేర్చారు. అది వాళ్లకు తెలిసిన పని.

నాకు ముచ్చటగా ఉన్నది సీలల పని. వాసాన్ని దూలానికి కొట్టిన పాత సీలలు నలుపలకలుగా, కమ్మరి కొలిమిలో సాగదీసినవి. తుప్పు పట్టి కట్టెతో ఒకటైపోయాయి. దూలాలు చూడడానికి వచ్చిన వడ్లాయన (వడ్రంగి) ఒక చోట గడ్డపార పెట్టి లేపి చూపించాడు. సీల రాలేదు, దాని చుట్టూ టేకు పొర పెచ్చుగా లేచింది. "గిట్ల లేపితే సగం కట్టె సీల తోటే పోతది బిడ్డా. సీలను ఆడనే ఉంచి మెడ కొయ్యాలె" అన్నాడు. ఆయన కాలంలో ఆ మెడ కోయడానికి ఆకురాయి, ఇనుప రంపం. ఒక్కో సీలకు ఎంత సేపో.

ఇప్పుడు చేసేది ఇది. చిన్న గడ్డపారతో వాసానికీ దూలానికీ మధ్య బ్లేడు దూరేంత సందు చేస్తాం, అంతకన్నా లేపం. తొమ్మిది అంగుళాల బైమెటల్ బ్లేడు, పద్నాలుగు పండ్లది, సందులోకి పడుకోబెట్టి దూరుస్తాను. పొడుగు బ్లేడు ఎందుకంటే అది వంగి దూలం మీద ఆనుకుంటూ పోతుంది, కాబట్టి మిషన్ బాడీ పక్కకు ఉన్నా కోత దూలానికి సమంగా వస్తుంది. షూ వాసం పక్కకు ఆని ఉండాలి. ట్రిగ్గర్ సగమే నొక్కాలి. ఇనుము మీద పూర్తి స్పీడు పెడితే పండ్లు కాలి నీలం రంగుకు తిరుగుతాయి, తర్వాత అవి వెన్నను కూడా కోయవు. మిషన్‌కు కట్టె కోసం ఆర్బిటల్ అని ఇంకో సెట్టింగు ఉంటే ఇనుము దగ్గర అది ఆపేయాలి.

చెవితో పని సులువవుతుంది. కట్టెలో ఉన్నంతసేపు బొంగురు గొంతు, సీల తగలగానే కీచుమంటుంది, తెగగానే మళ్లీ బొంగురు. పిల్లగాడు కొద్దిసేపటికే కళ్లు సందు మీద పెట్టకుండా చప్పుడు విని ఆపడం పట్టుకున్నాడు. ఒక్క జాగ్రత్త మాత్రం పదే పదే చెప్పాల్సి వస్తోంది: బ్లేడు కొస అవతల ఎక్కడికి పోతోందో చూసుకోవాలి. ఊపులో కొస గోడకో ఇంకో దూలానికో గుద్దుకుంటే బ్లేడు మూలకు వంగుతుంది, మిషన్ ఛాతీ మీదికి తంతుంది. తెగిన వెంటనే బ్లేడును ముట్టుకోవద్దు, బాగా కాలుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, మూతికి మాస్కు సరే, చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్లలు కూడా తెచ్చాను. చప్పుడు విని కోసే పనికి అవి అడ్డం కాలేదు.

సీల మొండి దూలం లోపలే ఉండిపోతుంది. ప్రతి మొండి మీదా ఎర్ర పెయింటు చుక్క పెట్టిస్తున్నాను. రేపు కోతమిల్లులో ఈ దూలాన్ని రంపం కింద పెట్టినప్పుడు వాళ్ల బ్లేడు విరిగితే ఆ తగాదా మన మెడకే.

ఏప్రిల్ చివర: ఎండ, బ్యాటరీ

ఇక్కడ నుంచి పని బ్యాటరీ చెప్పినట్టు నడుస్తోంది. మధ్యాహ్నం 43 దాటుతోంది. మేలో 45 చూడడం నల్లగొండకు కొత్తేమీ కాదు. చాలా కంపెనీల పుస్తకాల్లో చార్జింగ్ గది వేడి 40 డిగ్రీలు దాటొద్దని, 50కి చేరే చోట మిషన్‌ను గానీ బ్యాటరీని గానీ దాచొద్దని ఉంటుంది. మన దగ్గర రేకుల షెడ్డు, బండి డిక్కీ, అద్దాలెక్కించిన కారు, ఎండలో పెట్టిన టూల్ బ్యాగు అన్నీ మధ్యాహ్నానికి ఆ గీత దాటేవే.

పదిన్నరకు పని ఆపి బ్యాటరీ ఊడదీస్తే చేయి పెట్టలేనంత కాక. ఇంటికి తెచ్చి చార్జర్‌లో పెడితే లైటు ఎర్రగా మిణుకుతుంది, చార్జింగ్ మొదలు కాదు. "చార్జర్ ఖరాబైంది" అన్నాడు తమ్ముడు. ఖరాబు కాలేదు. ప్లస్, మైనస్ కాకుండా బ్యాటరీకి ఇంకా పిన్నులుంటాయి. లోపల సెల్స్ పక్కన పెట్టిన చిన్న భాగం వేడి కొలిచి వాటి ద్వారా చార్జర్‌కు చెబుతుంది. చల్లారేదాకా చార్జర్ ఆగుతుంది. ఈ ఏర్పాటు లేని చవక చార్జర్లు కాలే బ్యాటరీకి కూడా కరెంటు ఎక్కిస్తూ పోతాయి.

చల్లార్చడానికి ఇంట్లో తలా ఒక ఉపాయం చెప్పారు. బాపు రంజన్ కింద తడి ఇసుకలో పెట్టమన్నాడు. తమ్ముడు ఫ్రిజ్ అన్నాడు. వదినె కూలర్ ముందు అంది. ఇసుకలో తడి పిన్నుల్లోకి పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వస్తువు మీద మన గాలికి నీటి బొట్లు పడతాయి, లోపలి సర్క్యూట్ మీద కూడా పడతాయి. కూలర్ గాలి తడి గాలి, ఒక్కోసారి తుంపర్లు కూడా. మట్టి గోడల అర్రలో, నేల మీద చెక్క ముక్క వేసి, మామూలు ఫ్యాన్ కింద వదిలేస్తే గంటా రెండు గంటల్లో అదే చల్లారుతుంది. తొందరపెడితే వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు 4 ఆంపియర్ అవర్ సంగతి. బ్యాటరీలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మందపు కట్టెలో ఈ మిషన్ 20 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఐదు సెల్సే ఉన్న చిన్న బ్యాటరీలో ఆ 20 ప్రతి సెల్ గుండా పోవాలి. నేను తెచ్చిన 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అలాంటి ఐదేసి సెల్స్ వరుసలు రెండు, మొత్తం పది సెల్స్, కాబట్టి ఒక్కో సెల్‌కు 10 చాలు. ఒక్కో సెల్‌లో వేడి నాలుగో వంతే. అదే కోతకు పెద్ద బ్యాటరీ చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. బరువు ఎక్కువన్న మాట నిజమే, భుజానికి తెలుస్తుంది.

ఎంతసేపు వస్తుందన్నది కూడా ఇందులోనే ఉంది. 20 ఆంపియర్లు ఆపకుండా లాగితే పన్నెండు నిమిషాలు. రోజంతా వస్తుందనుకునేవాళ్లకు ఇది తక్కువగా కనిపిస్తుంది గానీ, సీలల పనిలో ట్రిగ్గర్ నొక్కేది కొన్ని సెకన్లే, మిగతా సమయమంతా సందు చేయడం, నిచ్చెన జరపడం. రెండు బ్యాటరీలతో పొద్దున పూట గడుస్తోంది.

బ్లేడు మొద్దుబారితే ఆ అప్పు బ్యాటరీ కడుతుంది. ఒరిగిపోయిన పండ్లతో కోయాలని అదిమితే మిషన్ ఎక్కువ కరెంటు లాగుతుంది, కోత నడవదు, బ్యాటరీ కాగుతుంది. మన వాళ్లకు బ్లేడు పారేయడం మనసొప్పదు, చివరి పన్ను దాకా వాడతారు. ఒక బ్లేడు ధర, ఒక బ్యాటరీ ధర పక్కపక్కన చెప్పాక మా పిల్లగాడు తనే అడిగి మారుస్తున్నాడు.

చార్జింగ్ వేళలు మార్చాను. లిథియం సెల్‌కు వేడి ఒక కీడు, నిండా చార్జ్‌లో ఊరికే ఉండడం ఇంకో కీడు. రెండూ కలిస్తే లోపలి రసాయనాలు తొందరగా పాడై, పట్టే చార్జ్ నెలనెలా తగ్గుతుంది. పదిన్నరకు తెచ్చిన బ్యాటరీని మధ్యాహ్నమే నింపి పెడితే ఆ రెండూ కలిపి చేసినట్టే. కాబట్టి తెల్లారుజామున లేచి అప్పుడు పెడుతున్నాను. గోడలు చల్లబడి ఉంటాయి, గంటకు కాస్త అటూ ఇటూగా ఒకటి నిండుతుంది, రెండోది టీ తాగి బయల్దేరేలోపు. నిండిన బ్యాటరీ నేరుగా పనికి పోతుంది. రాత్రి పెట్టి పడుకోవడం మాత్రం మా ఇంట్లో ఉండదు. అందరూ నిద్రలో ఉండగా లిథియం బ్యాటరీకి కరెంటు ఎక్కుతుండడం నాకు టెన్షన్. గాలిదుమారం, ఉరుములు మొదలైతే చార్జర్ ప్లగ్గు కూడా పీకేస్తాను.

ఊళ్లో మోటర్లు బాగుచేసే అతను "పూర్తిగా దింపి ఎక్కిస్తేనే బ్యాటరీ మంచిగుంటది" అన్నాడు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో ఆ మాటకు అర్థం ఉంది. లిథియంకు లేదు. సగంలో ఉన్నా ఎక్కించుకోవచ్చు, పూర్తిగా దింపడమే దానికి చేటు.

మే మొదటి వారం: రేకులు

వసారా మీది సిమెంటు రేకులు. వీటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముప్పు దాని దుమ్ములో ఉంది, కాబట్టి దాని మీద ఏ రంపమూ పెట్టలేదు. రేకును పట్టుకున్నవి కింద పైపుకు వంకీ తిరిగిన జె బోల్టులు. నట్లు తుప్పుపట్టి తిరగవు. నిచ్చెన కింది నుంచి వేసి, పైపు పక్కన కనిపించే బోల్టు కాడను పద్దెనిమిది పండ్ల బ్లేడుతో కోశాం. రేకు మీద నీళ్లు చల్లి, ఒక్కోటీ ఇద్దరు పట్టుకుని పగలకుండా దించారు. పగిలిన ముక్కలు తుడిచేటప్పుడు కూడా తడిపే తుడిచాం. రేకు మీద ఎక్కి నిలబడతానన్న కూలీని బాపు కింది నుంచే కేకలేసి ఆపాడు. పాత రేకు మనిషి బరువుకు ఆగదు.

మే మూడో వారం: దూలాలు

దూలాల కొసలు గోడలో దిగిన చోట చెదలు తిన్నాయి. టేకు చేవను చెద అంత తేలికగా ముట్టదు, తినేది పైనున్న తెల్ల కట్టెను. అయినా గోడలో తడి ఉండే చోట కొసలు మెత్తబడ్డాయి. వడ్లాయన ఉలితో పొడిచి చూసి, సుద్దముక్కతో గీతలు పెట్టిపోయాడు. అక్కడ కోసి కొసలను గోడలోనే వదిలేయాలి.

రెండు గోడల మీద ఆనిన దూలాన్ని ఊరికే పై నుంచి కోస్తే దూలం బరువుకు కోత పైభాగం మూసుకుంటుంది, బ్లేడును పట్టేస్తుంది. సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఇనుప జాకీలు కిరాయికి తెచ్చాను. గీతకు జానెడు ఇవతల జాకీ పెట్టి, దూలం చిన్నగా కిర్రుమనేదాకా బిగిస్తే బరువు జాకీ మీదికి వస్తుంది. ఇప్పుడు పై నుంచి కోస్తే కోత మూసుకోదు, ఇంకా కాస్త విచ్చుకుంటుంది. సగం దిగాక ఆ సందులో పలుచని చెక్క చీలిక పెడతాం. రెండో కొసకూ అంతే. కోసే ముందు దూలానికి తాడు కట్టి, కిందెవరూ లేకుండా చూసి, ఆ తర్వాతే ట్రిగ్గర్.

పన్నెండు అంగుళాల బ్లేడు, ఆరు పండ్లది. పొడుగు ఎక్కువైన కొద్దీ కోత పక్కకు పోతుంది, మిషన్‌ను అదమకుండా దాని బరువుతోనే దిగనివ్వాలి. ఒక నిండు బ్యాటరీ ఒక దూలం రెండు కొసలకు బొటాబొటిగా వస్తోంది. ఎండు టేకు అంత గట్టిది.

ఆ చివర్లోనే చూసుకోవాలి. మిషన్ గొంతు తగ్గి, ఆగిపోయిందంటే లోపలి సర్క్యూట్ బ్యాటరీని కాపాడుకుంటోంది. ఇంకో నాలుగు ఊపులొస్తాయని ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లుంటారు. సెల్స్‌లో ఏది బలహీనంగా ఉందో అది మిగతావాటికన్నా ముందే అడుగంటుతుంది. ఆగినప్పుడు ఆపేసి, చల్లారాక అదే రోజు కొంతైనా ఎక్కించాలి. అడుగంటిన బ్యాటరీని వారాలు వదిలేస్తే దానంతట అదే ఇంకా కిందికి జారుతుంది. సెల్ వోల్టేజీ మరీ పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, తర్వాత చార్జ్ ఎక్కిస్తే ఆ రాగి పేరుకుని సెల్ లోపలే షార్ట్ కావచ్చు. చార్జర్ అలాంటి బ్యాటరీని తీసుకోకపోవడం మన మంచికే. ఇంకో బ్యాటరీ నుంచి వైర్లు కలిపి దాన్ని లేపే వీడియోలు ఫోన్లో తిరుగుతున్నాయి, మా చిన్నాయన కొడుకు చూపించాడు కూడా. వాడి డ్రిల్లు మిషన్ బ్యాటరీ అలా పడి ఉంది. వద్దని చెప్పి ఆ బ్యాటరీని నా దగ్గర పెట్టుకున్నాను.

రోహిణి కార్తె: సర్కారు తుమ్మ

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆరు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగిస్తున్నాం.

తుమ్మ కంపను ముందు పొడుగు కట్టె కొక్కెంతో ఇవతలికి లాగి, ఆ తర్వాత కోశాం. దాని ముల్లు చెప్పు అడుగును కూడా వదలదు. బరువైన కొమ్మలకు ముందు కింది నుంచి మూడో వంతు కోత, తర్వాత దానికి కాస్త అవతలగా పై నుంచి కోత. లేకపోతే కొమ్మ విరుగుతూ బెరడును మొద్దు దాకా చీల్చుకుపోతుంది. తుమ్మకు అది లెక్క కాదు గానీ, రేపు ఇదే మిషన్‌తో బత్తాయి ఎండు కొమ్మలు తీయాలి కాబట్టి పిల్లగాడికి చేయి అలవాటు కావాలి.

మొద్దు దగ్గర అసలు పేచీ. నేల మీదికి కోసి వదిలేస్తే తొలకరికి మళ్లీ చుట్టూ పిలకలు వేస్తుంది. చుట్టూ మట్టి తవ్వి, వేర్లు కనిపించేదాకా దింపి, మట్టిలోనే కోశాం. మట్టి, ఇసుక తగిలితే బ్లేడు చావు ఖాయం, కాబట్టి దూలాల దగ్గర అరిగిన బ్లేడ్లను పారేయకుండా దీనికి ఉంచాను. చైన్ సాతో ఈ పని ఎవరూ చేయరు. కోత నిదానంగా నడిచింది, బ్యాటరీ కాగింది, మధ్యలో నీడకు పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. తల్లివేరు ఇంకా ఉంది, దానికి గడ్డపార, గొడ్డలే.

మృగశిర దాటాక

వాన పడింది, కూలీలందరూ పత్తి గింజలు పెట్టడానికి పోయారు. కొట్టం పని కొన్నాళ్లు ఆగింది. దూలాలు ఇటుకల మీద, మధ్యలో చెక్క ముక్కలు పెట్టి పేర్చి, పైన పట్టా కప్పాం, పక్కలు గాలికి వదిలాం.

బ్యాటరీలు రెండూ నిండా లేవు, ఖాళీగా లేవు. నాలుగు లైట్లలో రెండు వెలిగే దగ్గర ఆపాను. మిషన్ నుంచి ఊడదీసి, చార్జర్ నుంచి కూడా తీసి, పిన్నుల మీద ప్లాస్టిక్ మూత పెట్టి, మట్టి గోడల అర్రలో చెక్క అలమారలో ఉంచాను. సీలలు, స్క్రూలు వేసిన డబ్బాలో ఎప్పుడూ వేయం. ఒక్క సీల రెండు పిన్నులకు అడ్డం పడితే చాలు, కరెంటంతా దాని గుండానే పోయి నిప్పు లేస్తుంది. రెండు మూడు నెలలకోసారి లైట్లు చూసి, ఒకటికి దిగితే మళ్లీ సగానికి ఎక్కించాలి. మిషన్ ముక్కు దగ్గర బ్లేడు పట్టుకునే చోట రంపపు పొట్టు, మట్టి గట్టిపడి ఉన్నాయి. బ్రష్షుతో దులిపి, చుక్క నూనె వేశాను. గాలి వచ్చే కంతలు కూడా తుడిచాను, అవి మూసుకుంటే మోటరు కాగుతుంది.

చిన్నాయన కొడుకు చచ్చిన బ్యాటరీకి పిన్నుల మీద టేపు చుట్టి వేరే ఇనుప డబ్బాలో, ఇంటి బయట చూరు కింద పెట్టాను. పాత సామాన్లాయన తూకానికి అడిగాడు, ఇవ్వలేదు. సుత్తితో పగలగొడితే అంటుకుంటుంది. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. హైదరాబాద్ పోయినప్పుడు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయాలి.

మిగిలిన పనులు: వసారా జీఐ పైపులు, పడమటి గోడలో ఇరుక్కున్న దర్వాజ, తుమ్మ తల్లివేరు. పైపులకు పద్దెనిమిది పండ్ల బ్లేడ్లు అయిపోయాయి, రాణిగంజ్ నుంచి తెప్పించాలి. దర్వాజ సంగతి వడ్లాయన వచ్చి చూశాకే.